సౌభాగ్యం చెట్టుకు మావి మూటలు

మా వీధిలో గాలి పడమటి నుంచి తిరిగిందంటే నేను అన్నం పళ్లెం పక్కకు నెట్టేసేదాన్ని. మూడేళ్లు ఇలాగే గడిచాయి. నా కుట్టు మిషను కిటికీ దగ్గర ఉంటుంది. కిటికీకి ఎదురుగా సౌభాగ్యం ఇల్లు, ఇంటి ముందు ఆమె అంజూరపు చెట్టు. మా వైపు దాన్ని సీమ అత్తి అంటారు. ఆ చెట్టు కొమ్మలకు యూరియా సంచులు వేలాడుతుండేవి. ఒక్కో సంచిలో ఒక్కో ఆవు మావి. చుట్టూ ఈగలు, పైన కాకులు, కింద నాలుకలు వేలాడేసుకుని కూర్చున్న కుక్కలు. చదువుతుంటే ఎవరికైనా కడుపులో దేవితే తప్పు నాది కాదు, మా ఊరి వాళ్లది.

తెలియని వాళ్ల కోసం చెప్పాలి, మాది తమిళనాడులో ధర్మపురి పక్క పల్లె. ఆవు ఈనిన కాసేపటికి మావి పడుతుంది. మా పక్క దాన్ని పారేయరు, కుక్కల నోట పడనివ్వరు. ఎండుగడ్డిలో చుట్టి పాలచెట్టుకు కడతారు. ఆకు తుంచితే తెల్లగా పాలు కారే చెట్టు ఏదైనా సరే. చెట్టుకు పాలు ఉన్నట్టే ఆవుకూ పొదుగు నిండుతుందని నమ్మకం. ఆ మూట దానంతట అది రాలేదాకా మూటకు గానీ, తాడుకు గానీ కత్తి తగలకూడదు. తగిలితే పొదుగు ఎండిపోతుందట. మా అమ్మమ్మ కాలంలో దీనివల్ల ఎవరికీ బాధ లేదు. ఊరికి దూరంగా పెన్నాగరం రోడ్డు పక్కన పాలచెట్లు ఉండేవి. గడ్డిమూట ఎండకు ఎండి, వానకు నాని, కొన్నాళ్లకు రాలి మట్టిలో కలిసిపోయేది.

తరువాత రోడ్డు వెడల్పు చేశారు, ఆ చెట్లు పోయాయి. ఇంతలో గడ్డికి బదులు యూరియా సంచులు, పీచుతాడుకు బదులు నైలాన్ తాడు వాడుకలోకి వచ్చాయి. ఆచారం మాత్రం ఉన్నది ఉన్నట్టే ఉంది. నైలాన్ తాడుతో బిగించిన యూరియా సంచి దానంతట అది ఎప్పటికి రాలుతుందని మా ఊళ్లో ఒక్క బుర్రకూ తట్టలేదు. పైగా కట్టడిని ఇంకా పెంచారు. మూటకే కాదు, మూట ఉన్న చెట్టుకే కత్తి తగలకూడదన్నారు. ఇంత తెలివి తక్కువ జనం మధ్య పుట్టి, వాళ్ల జాకెట్లే కుట్టి బతుకుతున్నందుకు నాకు సిగ్గుగా ఉంటుంది.

సౌభాగ్యం మొగుడు సెంగోడన్ పెళ్లయిన కొన్నేళ్లకే జ్వరంతో పోయాడు. పిల్లలు లేరు. పాండియన్ మేస్త్రి గుంపులో చేరి బెంగళూరుకు కట్టడం పనికి పోయింది. సిమెంటు బాండ్లీలు మోసీ మోసీ ఆమె చేతులు పాడైపోయాయి. వేళ్ల కొసలు పగిలి, అరచేతులు పొక్కులు లేచి రసి కారేవి. పండగకు వచ్చినప్పుడు మా ఇంట్లో భోజనం పెడితే చెంచా అడిగేది. చారు తగిలితే మంట, అన్నం కలుపుకోలేదు. ఆ చేతులు చూసి నేను ముఖం తిప్పుకునేదాన్ని. జాలితో కాదు, నిజంగా అసహ్యమేసి.

అక్కడ ఒక బంగళాకు ప్రహరీ కడుతున్నప్పుడు పక్కింటి తోటమాలి అంజూరపు చెట్టును నరుకుతూ కనిపించాడట. పచ్చగా ఉన్న చెట్టును ఎందుకు మోడు చేస్తున్నావని ఈమె అడిగింది. కాయ పాత కొమ్మ మీద రాదు, కొత్త చిగురు మీదే వస్తుందని అతను చెప్పాడు. పారేస్తున్న కొమ్మల్లోంచి ఒకటి అడిగి తెచ్చుకుంది. తడిగుడ్డలో చుట్టి బస్సులో ఒళ్లో పెట్టుకుని ధర్మపురిదాకా, అక్కడి నుంచి మా ఊరిదాకా. స్నానాల నీళ్లు పారే చోట నాటింది. అది వేరు పట్టింది. రెండో ఏడు కాసింది.

ఆ తరువాత ఆమె బెంగళూరు మానేసింది. ఏటా మార్గళి, అంటే ధనుర్మాసం చలిలో కొమ్మలు నరికి, కోసిన చోట పేడా ఎర్రమన్నూ పూసేది. వేసవికి కొత్త చిగుళ్లన్నీ కాయలే. గంపలో ఆకులు పరిచి పండ్లు పేర్చుకుని పెన్నాగరం బస్టాండుకు పోయేది. హొగెనేకల్ జలపాతానికి పోయే జనం అక్కడ బస్సు మారతారు. డబ్బాల్లో ఎండిన అంజూరం తప్ప పచ్చి పండు ఎరగని వాళ్లంతా ఒకటి రుచి చూసి మరో నాలుగు కొనేవాళ్లు. మిగతా రోజుల్లో వేరుశెనగ చేలల్లో, బంతిపూల కోతల్లో కూలికి పోయేది. చేతులు మెల్లగా మానాయి. ఒకరోజు మా ఇంట్లో చారన్నం చేత్తో కలుపుకుని తింటుంటే నేను చూశాను, ఆమె కూడా నన్ను చూసి నవ్వింది. 

అంతా బాగున్న చోటికి కుప్పుసామి వచ్చాడు. మా ఊళ్లో జెర్సీ ఆవులు, బోరుబావి, పలుకుబడి ఉన్న మనిషి. వరసకు అందరికీ మామే. ఒక పొద్దున సంచి పట్టుకుని వచ్చి, అడగకుండా సౌభాగ్యం చెట్టు ఆకు తుంచి, పాలు కారడం చూసి తృప్తిగా తలూపి సంచి కట్టేశాడు. ఒక్క మూటకు ఏమవుతుందిలే అని వాకిట్లో నిలబడ్డ సౌభాగ్యంతో అని వెళ్లిపోయాడు. పెద్దవాడితో ఏమంటుంది? ఆ ఈతకు ఆయన ఆవు బాగానే పాలిచ్చింది. దానా తిని ఇచ్చింది, నేను రాసిస్తాను. ఆయన మాత్రం చెట్టు మహిమ అని పాల సొసైటీ దగ్గర నిలబడి ఊరంతటికీ చెప్పాడు. ఇక ఎవరి ఆవు ఈనినా సంచి పట్టుకుని మా వీధికే రావడం మొదలైంది. పక్క ఊళ్ల నుంచి మోపెడ్ మీద వేసుకుని వచ్చినవాళ్లు కూడా ఉన్నారు. కట్టేటప్పుడు ముక్కుకు తువ్వాలు, కట్టాక పరుగు. ఆ వాసనలో రాత్రీ పగలూ బతికే ఆడమనిషి ఒకతె ఉందని తలెత్తి చూసిన పాపాన పోలేదు.

అన్నిటికంటే రోత పుట్టించే సంగతి ఇంకొకటి. కుప్పుసామి ఇంటి గేటు పక్కనే పనస చెట్టు ఉంది. పనసకు పాలు లేవా? కత్తికి నూనె రాసుకోకుండా పనసకాయ కోసిన వాళ్లెవరినైనా అడగండి. అంత పాలచెట్టు తన వాకిట్లోనే ఉంచుకుని ఆయన ఊరంతా దాటుకుని మా వీధికి ఎందుకొచ్చాడో మొదటిరోజే నాకు తెలుసు. తన ముక్కు తనకు ముద్దు.

మూడేళ్లు కత్తి పడకపోయేసరికి చెట్టు చెట్టులా లేదు. కొమ్మలు ఇంటి కప్పు దాటి పోయాయి. లోపలంతా ఆకు మీద ఆకు, చీకటి. కాయలు ఎక్కడో కొసన నాలుగు, అవీ గబ్బిలాల పాలు. అవి కొరికి పడేసిన ఎంగిలి, సంచుల నుంచి కారినదాంట్లో నానుతుండేది. వానాకాలంలో సంచులు నీళ్లు తాగి ఉబ్బి కుట్టు దగ్గర చిట్లేవి. చిట్లినప్పుడు ఏం పడేదో రాయడానికి నాకు చేయి రావడం లేదు. సౌభాగ్యం పొద్దున్నే బూడిద చల్లి ఊడ్చేది. మధ్యాహ్నానికి పురుగులు గడప దగ్గర ఉండేవి. ఎర్రటి ఎండాకాలంలో కూడా తలుపులు మూసుకునే పడుకునేది. ఆమె ఇంటికి చుట్టాలు రావడం మానేశారు.

నాకు ఊరి మీద ఎంత కోపమో ఆమె మీద అంతకు తక్కువేం కాదు. కత్తి తీసుకుని అన్నీ కోసి పారెయ్ అని ఎన్నిసార్లు చెప్పానో. ఆమె చీపురు తీసుకుని వాకిలి ఊడ్చుకునేది. చివరికి ఒకరోజు చెప్పింది. రేపు ఊళ్లో ఏ ఆవుకు పొదుగువాపు వచ్చినా తన గడపకే వస్తారని, ఒంటరిదాన్ని నిలబెట్టి అడుగుతారని. అది నిజమే. మా వాళ్లు అలాంటివాళ్లే. అయినా పోయి కుప్పుసామిని అడిగింది, ఈ ఒక్క ఏడు కొమ్మలు కోసుకోనివ్వమని. ఆయన అరుగు మీద కూర్చుని, కాఫీ తాగుతూ చెప్పిన మాట నేను పక్కనే ఉండి విన్నాను.

"చెట్టు నీదేమ్మా, ఎవురు కాదనినారు? మూటలు మాత్రం ఊరివి. వాటంతట అవి పడేదాకా చెట్టుకు కత్తి పెట్టినావంటే సామి కుత్తం."

కుత్తం అంటే మా దగ్గర దోషం. ఊరి చెత్తంతా ఒకరి వాకిట్లో వేలాడదీస్తే దోషం లేదు, దాన్ని తీస్తే దోషం. ఆ కాఫీ గ్లాసు ఆయన చేతిలోంచి లాగి మురికి కాలవలో పోయాలనిపించింది.

మార్గళి నెల మొదట్లో పాండియన్ మేస్త్రి మోటారు సైకిలు మీద వచ్చాడు. బెంగళూరు అవతల పెద్ద పని దొరికిందని, ఆడమనుషులు కావాలని, సంక్రాంతి దాటాక తై నెలలో లారీ బయలుదేరుతుందని చెప్పాడు. అతను చెడ్డవాడు కాదు. సౌభాగ్యంలా పనిచేసే మనిషి తన గుంపులో మళ్లీ దొరకలేదని మెచ్చుకున్నాడు కూడా. ఆమె ఆలోచించి చెబుతానంది. లెక్క సులభమే. ఆ నెలలో కొమ్మలు కోస్తే వేసవికి కాయ ఉంటుంది, గంప ఉంటుంది. కోయకపోతే సిమెంటే గతి. వరుసగా రెండేళ్లు గంప లేక కూలి మీదే ఈడ్చింది, ఇంకో ఏడు ఈడ్చే ఓపిక లేదు. మేస్త్రి వెళ్లాక ఆమె అరుగు మీద కూర్చుని చాలాసేపు అరచేతులు చూసుకుంది. 

మర్నాడు ఎండెక్కాక మా ఇంటికి వచ్చింది. నిచ్చెన పట్టుకోవాలంది. సామి కుత్తం మాటేమిటని అడిగాను.

"పెద్దోళ్లు పెట్టిన కట్టడి తాడుకీ మూటకీ మాత్రమే కదా వదినా. వాటిని నేను ముట్టను" అంది.

అప్పటికి నాకు అర్థం కాలేదు. ముక్కుకు గుడ్డ కట్టుకుని నిచ్చెన పట్టుకున్నాను. ఆమె చేతులకు పాత చీర పేలికలు చుట్టుకుని ఎక్కింది, ఎందుకంటే అంజూరం పాలు ఒంటి మీద పడితే దద్దుర్లు లేస్తాయి. మూట ఉన్న ప్రతి కొమ్మనూ మూటకు అటు ఒక జానెడు, ఇటు ఒక జానెడు వదిలి రంపంతో కోసింది. మూట కొమ్మ ముక్కకు అలాగే వేలాడుతూ ఉంది. తాడుకు రంపం తగల్లేదు. కిందికి దించి నా చేతికిస్తుంటే నేను అందుకుని గోడకు ఆనించాలి. పాతవి పరవాలేదు, ఎండి తేలికగా ఉన్నాయి. కొత్తవి బరువు. ఒకటి అందుకుంటున్నప్పుడు అడుగు చిట్లి నా మోచేతి మీదుగా చల్లగా ఏదో జారింది. నిచ్చెన వదిలేసి పోయి గోడవారగా వాంతి చేసుకున్నాను. ఆమె పైనుంచే, నీళ్లు తాగి రా వదినా అంది. తిట్టుకుంటూ మళ్లీ వచ్చి పట్టుకున్నాను. మధ్యాహ్నానికి చెట్టుకు మిగిలింది నడుం ఎత్తు మొద్దు, నాలుగు వైపులకు నాలుగు మొండి చేతులు. చచ్చిపోతుందనే అనుకున్నాను. ఆమె పేడా మన్నూ కలిపి కోసిన చోటల్లా తాపీగా పూసింది.

తరువాత మూటలు పట్టుకుని ఊళ్లోకి బయలుదేరింది. ఏ మూట ఎవరిదో ఆమెకు బాగా తెలుసు, ప్రతిదీ కట్టేటప్పుడు చూసింది కదా. కొమ్మ ముక్కను భుజాన వేసుకుని, మూట వెనక ఊగుతుండగా ఇంటింటికీ పోయి గేటుకు ఆనించి వచ్చింది. పక్క ఊళ్ల వాళ్ల మూటలను ఇక్కడున్న వాళ్ల చుట్టాల గేట్లకు ఆనించింది. కొత్తవి మాత్రం ఇద్దరం చెరో కొస పట్టుకుని మోశాం. పెళ్లికి పల్లకీ మోసినా అంత మంది చూసి ఉండరు. చూసినవాళ్లంతా ముక్కు మూసుకుని అరుగుల మీద నుంచి లేచి లోపలికి పోయారు. వెనకాల కుక్కల గుంపు. ఆ మధ్యాహ్నం చేసినంత నీచమైన పని నా బతుకులో ఇంకోటి చేయలేదు. కానీ ఆ తలుపులు వరసగా మూసుకోవడం చూస్తుంటే లోలోపల ఒక సంతోషం కూడా కలిగింది, దాచడం ఎందుకు.

ఆఖరున కుప్పుసామి ఇల్లు. ఆయనవి నాలుగైదు మూటలు, అన్నిటికంటే తాజాది కూడా ఆయనదే. మేం వస్తున్న సంగతి ముందే తెలిసి గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. ముఖం కందిపోయింది. ఆవు పొదుగు ఎండిపోతే ఎవరు జవాబుదారీ అని అడిగాడు. వెనకాల జనం పోగయ్యారు. సౌభాగ్యం మూట ఉన్న కొమ్మను పనస చెట్టు పంగలో జాగ్రత్తగా పెట్టింది. కొంగుతో ముఖం తుడుచుకుంది. గొంతు పెంచలేదు.

"మామా, మీ తాడును నేను ముట్టలేదు, మీ మూటను విప్పలేదు. కొమ్మ నాది, కోసినాను. మూట మీది, తెచ్చినాను. మీ పనసకు కూడా పాలుండాయి కదా. దానంతట అది పడేదాకా ఈడే ఉండనియ్యండి."

 కట్టడి ప్రకారం ఆమె చేసిన దాంట్లో తప్పు పట్టడానికి ఏమీ లేదు. మూట పాలచెట్టు మీదే ఉంది. ఇంతలో మూటలోంచి ఏదో కారి గేటు ముందు వేసిన ముగ్గు మీద పడింది. ఆయన భార్య చిత్ర గడప దగ్గరికి వచ్చి, చూసి, చీర కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి పరుగెత్తింది. డోకుతున్న చప్పుడు బయటికి వినిపించింది. కాసేపటికి తిరిగి వచ్చి మొగుడితో అన్న మాట జనమంతా విన్నారు.

"ముందు దాన్ని ఈడనించి తీయండి. ఈ ఇంట్లో నేను అన్నం తినాల్నా, వద్దా?"

ఆయన ఒకసారి పనస చెట్టు వంక, ఒకసారి జనం వంక చూశాడు. తరువాత పాకలోకి పోయి కొడవలి తెచ్చి, తన చేత్తోనే నైలాన్ తాడు తెగ్గోశాడు. పెంటకుప్ప పక్కన గుంట తీసి పూడ్చిపెట్టాడు. చీకటి పడేలోపల ఊళ్లో ప్రతి పెరట్లో గుంటలు తవ్వుతున్న చప్పుడే. ఆవులు మర్నాడూ పాలిచ్చాయి, వారం తరువాతా ఇచ్చాయి. పెంటకుప్ప పక్కన పూడ్చితే పాలు ఇంకా చిక్కగా వస్తాయని కుప్పుసామి ఇప్పుడు పాల సొసైటీ దగ్గర చెబుతున్నాడు. ఆ మనిషికి సిగ్గు ఏ కొట్లోనూ దొరకదు.

పాండియన్ లారీ ఆమె లేకుండానే వెళ్లింది. అవసరమైతే ఫోన్ చెయ్యి, ఎప్పుడైనా చోటు ఉంటుందని చెప్పి పోయాడు. చలి తగ్గి మాసి నెల వచ్చేసరికి మొద్దు మీద ఎర్రటి మొగ్గలు పొడుచుకొచ్చాయి. ఎండలు ముదిరే చిత్తిరై నెలకు కొత్త కొమ్మలు నా ఎత్తు పెరిగాయి. ప్రతి ఆకు మొదట్లో ఒక కాయ. ఎండ లోపలిదాకా పడుతోంది, ఈగ అన్నది లేదు. మా ఊరి నోరు మాత్రం ఊరుకుంటుందా? మావి కారిన చెట్టు కాయ ఎవరు తింటారు అన్నారు. చెట్టు వేళ్లు తాగింది అదే కదా అన్నారు. కుళ్లు కారబెట్టింది వాళ్లే, ఇప్పుడు అసహ్యించుకునేదీ వాళ్లే. పెన్నాగరం బస్టాండులో పూలమ్మే వాళ్లదాకా ఆ మాట పోయింది. అక్కడ ఎవరైనా ఒక్కరు నోరు జారితే గంప మొత్తం వెనక్కి రావాల్సిందే. నిజం చెప్పాలంటే ఆ కాయలు పండుతుంటే నేనూ అటు చూడలేక కిటికీ రెక్క మూసేదాన్ని. మోచేతి మీద జారిన ఆ చల్లదనం సబ్బుతో పోయేది కాదు.

పండ్లు కోసిన మొదటి రోజు పొద్దున సౌభాగ్యం గంప సర్దుకుని, తలకు చుట్టకుదురు పెట్టుకుని నా దగ్గరికి వచ్చింది. గంప కింద పెట్టింది. పైనున్న పండు తీసి నా చేతిలో పెట్టింది. ఊదా రంగు తేలి, కొస చీలి, మెత్తగా ఉంది.

"మొదటిది నువ్వు తిను వదినా" అంది. "ఊరంతా అనేది నాకు తెలుసు. నువ్వు ఏమీ అనలేదు గానీ నీ ముఖం చూస్తానే ఉండాను. కళ్లారా అంతా చూసినదానివి నువ్వే. నువ్వు తినగలిగితే నేను బస్టాండుకు పోతాను. నీకే గొంతు దిగకుంటే చెప్పు, మేస్త్రికి ఫోన్ చేస్తాను."

అబద్ధం చెప్పి తప్పించుకునే దారి లేదు. ఆమె నా నోటి వంకే చూస్తోంది. కళ్లు మూసుకుంటే ఆ సంచులే కనిపిస్తాయని తెరిచే ఉంచి పండు సగం కొరికాను. మొదట నాలుక మీద ఏ రుచీ తెలియలేదు.  ఈ ఊరినీ, కుప్పుసామినీ, ఆచారాలనూ, నిచ్చెన పట్టుకున్న నన్నూ కలిపి తిట్టుకుంటూ నమిలాను. గింజలు పళ్ల కింద చిటచిటలాడాయి. అప్పుడు తీపి తెలిసింది. చక్కెర తీపి కాదు, ఎండ తీపి. మింగాను. మిగతా సగం తొక్కతో సహా నోట్లో వేసుకున్నాను. అది కూడా దిగింది. ఆమె ఇంకా చూస్తూనే ఉంది.

"ఇంకొకటి ఇయ్యి" అని చేయి చాపాను.

"అవి అమ్మేటివి వదినా" అని సౌభాగ్యం గంప నెత్తికెత్తుకుంది.